రబ్బరు రాక్షసులు, పంచదార రక్తం: చవక భూతాల సినిమాలపై అపోహలు - వాస్తవాలు

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు చిన్న సినిమాలకు మాస్కులు, వేషాలు చేసే మాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: డబ్బు లేక భూతం నాసిగా ఉంటుంది, సినిమా అందుకే పోతుంది.

భూతం నాసిగా ఉన్నా జనం క్షమిస్తారు. క్షమించనిది భూతం లేని నలభై నిమిషాలను: ప్రొఫెసర్ ఉపన్యాసం, ఎస్సైగారి ఫోన్లు, ఎటు పోతుందో తెలియని జీపు షాట్లు. 1953 నాటి ‘రోబోట్ మాన్‌స్టర్’లో గ్రహాంతరవాసి అంటే గొరిల్లా వేషం మీద డైవింగ్ హెల్మెట్ లాంటి బుర్ర. ఇన్నేళ్లకూ దాన్ని వెతుక్కుని చూసేవాళ్లు ఉన్నారంటే ఆ బుర్ర కోసమే. మన విఠలాచార్య జానపదాల్లోనూ అంతే, ట్రిక్కు తెలిసిపోతున్నా తర్వాతి ట్రిక్కు కోసం కూర్చుంటాం. అలాగని కావాలని చెత్తగా తీస్తే నవ్వు రాదు. తీసినవాడు మనసు పెట్టి ప్రయత్నించి దొరికిపోతేనే ఆ సరదా.

అపోహ: వేషం బరువుగా ఉంటేనే భూతం బరువుగా కనిపిస్తుంది.

1954 గాడ్జిల్లాకు మొదట చేసిన తొడుగు సుమారు 100 కిలోలు. లోపలున్న హరువో నకజిమా నాలుగడుగులు వేయడానికే అవస్థ పడ్డాడు. తెర మీద బరువు తెలిసేది కదలికలోని వేగాన్ని బట్టి. ఇళ్లు, పడవల చిన్న మోడళ్లను ఎంత వేగంతో చిత్రీకరించాలో లెక్క తేలిక. మోడల్ అసలు సైజులో 25వ వంతు అయితే, 25కి వర్గమూలం 5. సినిమాలో మామూలుగా సెకనుకు ఉండే 24 ఫ్రేములను (విడి బొమ్మలను) 5తో గుణిస్తే 120. అలా తీసి 24లో ఆడిస్తే థర్మాకోల్ గోడ కూడా నిజం గోడంత నిదానంగా కూలుతుంది. 16వ వంతు మోడల్‌కు 96 చాలు.

ఇక్కడ రెండు తంటాలు. 120 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకు అందే వెలుతురు అయిదో వంతుకు పడిపోతుంది. పైగా మన 50 హెర్ట్జ్ కరెంటుకు చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, ఆ మినుకంతా వీడియోలో దడదడగా పడుతుంది. కాబట్టి మోడళ్లు డాబా మీద ఎండలో తీయండి. నీళ్లతో మాత్రం ఏ లెక్కా పనిచేయదు. 4 మిల్లీమీటర్ల చినుకు 25వ వంతు పడవ పక్కన 10 సెంటీమీటర్ల ముద్దలా కనిపించి గుట్టు బయటపెడుతుంది.

మనిషి వేసుకునే వేషానికైతే జిమ్ము కుర్రాడిని వెతకొద్దు. బరంపురం ఠాకురాణి యాత్రలో పులివేషం కట్టేవాళ్లను అడగండి. తల తిప్పేముందు భుజం తిరగాలని, అడుగు పడ్డాక ఒళ్లు కుదురుకోవాలని వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు.

అపోహ: లేటెక్స్ (రబ్బరు పాలు) ఒకేసారి మందంగా పోస్తే మాస్కు గట్టిగా వస్తుంది.

మాస్కులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. ప్లాస్టర్ అచ్చు లేటెక్స్ పాలలోని నీటిని పీల్చుకుంటేనే రబ్బరు కడుతుంది. మందంగా పోస్తే పైన తొక్క కట్టి లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది పలుచని పూతలు వేయండి. ముందు పూత పాల తెలుపు పోయి పసుపురంగుకు తిరిగాకే తర్వాతిది. మూడో పూత మీద పెదవులు, చెవులు, మెడ అంచుల దగ్గర గాజుగుడ్డ (గాయాలకు కట్టే పలుచని నూలు గుడ్డ) ముక్కలు పరవాలి, చిరిగేది అక్కడే. సముద్రపు తేమలో, అందులోనూ వానాకాలంలో, పూతలు ఆరడానికి బాగా ఆలస్యమవుతుంది, ఫ్యాన్ తప్పదు. ఊడదీసేముందు లోపలంతా టాల్కమ్ పౌడర్ చల్లకపోతే రబ్బరు తనకు తానే అతుక్కుంటుంది, ఇక విడదీయలేరు. నూనె, వాజలీన్ దగ్గరికి రానివ్వొద్దు. అవి తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

ఒంటికి 25 మిల్లీమీటర్ల సోఫా స్పాంజి, పొలుసులకు చెప్పుల ఫోమ్ షీటు సరిపోతాయి. ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు జిగురు రెండు వైపులా రాసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటుకోని దశలో గట్టిగా ఒత్తాలి. తడిమీద అతికిస్తే షూటింగ్ మధ్యలో భుజం ఊడి చేతికొస్తుంది.

నటుడి ముఖం అచ్చు తీయడానికి నేరుగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూయడం ప్రమాదం. గట్టిపడేటప్పుడు అది చర్మం కాలేంత వేడెక్కుతుంది, కనుబొమలు పట్టేసుకుంటుంది. పళ్ల డాక్టర్లు వాడే ఆల్జినేట్ ముందు, దాని మీద ప్లాస్టర్ బ్యాండేజీ. ముక్కు రంధ్రాలు తెరిచి ఉంచి, వాటినే కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషిని పెట్టండి. కొందరికి లేటెక్స్ పడదు, ముందురోజే మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి చూడాలి.

అపోహ: చీకట్లో తీస్తే లోపాలు కనిపించవు.

లోపాల సంగతి అలా ఉంచి, అసలు భూతమే కనిపించదు. ఫోన్ కెమెరాలో చీకటంటే చుక్కల గోల. దీపం భూతం వెనక, తల ఎత్తులో పెట్టి, మధ్యలో సాంబ్రాణి పొగ వేయండి, కిటికీ తెరిచే ఉంచండి. గ్లిజరిన్, నీళ్లు సగం సగం కలిపి ఒంటిమీద స్ప్రే చేస్తే రబ్బరుకు ప్రాణమొస్తుంది. కంట్లో ఒక్క మెరుపైనా లేకపోతే ఎంత మంచి మాస్కయినా బొమ్మే.

అపోహ: భూతాన్ని చివరిదాకా దాచాలి.

అందరూ 1975 నాటి సొరచేప సినిమా ‘జాస్’ పేరు చెబుతారు. అక్కడ మరతో చేసిన సొర ఉప్పునీటిలో మొరాయించింది, దాచక తప్పలేదు. కానీ ఆ ఖాళీలో నీటిమీద పరుగెత్తే పసుపు పీపాలున్నాయి, సొర ఎక్కడుందో అవి చెబుతూనే ఉంటాయి. మీ భూతానికి అలాంటి జాడ ఏది? జీడితోటలో ఎండాకుల మీద అడుగుల చప్పుడు పైసా ఖర్చు లేనిది. ఎముక విరిగే శబ్దానికి చెరకుగడ విరవండి.

అపోహ: రక్తానికి ఎర్ర రంగు కలిపితే చాలు.

చిక్కటి పంచదార పాకంలో ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో, ఒక్క చుక్క నీలం. కోకో లేకపోతే రోజ్ షర్బత్ అనుకుంటారు. చీమలు పడతాయి, వేషాన్ని ఆ రాత్రే కడగాలి.

అపోహ: కొండ అంటే దెయ్యాలు, కొండవాళ్లంటే మంత్రగాళ్లు.

గుణుపురం, మహేంద్రగిరి వైపు తీసేవాళ్లు సవరల గోడబొమ్మలను తెచ్చి మంత్రగత్తె గుహలో అతికిస్తుంటారు. అవి వాళ్లు కొలిచే దేవతల కోసం గీసే బొమ్మలు. ఈ రకం సినిమాల్లో మాకు అస్సలు నచ్చనిది ఇదే. బొమ్మ కావాలంటే సొంతంగా గీయించుకోండి. అడవిలో తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, రాత్రి అయితే ఏనుగుల జాడ కూడా అడిగి తెలుసుకోవాలి.

అపోహ: వేషంలో ఉన్నవాడు కాస్త ఓర్చుకోవాలి.

మే నెలలో గోపాల్‌పూర్ ఇసుక మీద స్పాంజి వేషం లోపల చెమట ఆరే దారే ఉండదు. పదిహేను నిమిషాలకోసారి తల తీసేయాలి, ఓఆర్ఎస్ తాగించాలి. మాట తడబడితే షాట్ ఆపి నీడకు తీసుకెళ్లాలి. జిప్పు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలి. చలిమంట సీను ఉంటే స్పాంజి వేషం అక్కడికి పోకూడదు. అది క్షణాల్లో అంటుకుంటుంది, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ ఉంటాయి. మంటను వేరే షాట్‌గా తీసి ఎడిటింగ్‌లో కలపండి.