సన్నబడిన చోటే బలం

ఒక పాఠకురాలు ఇలా రాశారు: "ఈమధ్య తీరిక దొరికితే ఉన్ని వడుకుతున్నాను, ఆ దారంతో అల్లుతున్నాను, ఇంట్లోనే బ్రెడ్ చేస్తున్నాను. మూడింటిలోనూ నాకు ఒకటే ఆశ్చర్యం. నా చెయ్యి అంత నిలకడగా ఉండదు. అయినా దారం దాదాపు సమంగానే వస్తోంది. ఎగుడుదిగుడుగా ఉన్న కుట్లు ఉతికేసరికి సర్దుకుంటున్నాయి. పిండి పల్చగా సాగదీసినా వెంటనే చిరగడం లేదు. ఇదంతా అలవాటు వల్లేనా?"

ఎంత మంచి ప్రశ్న! చాలామంది ఇలాంటివాటిని హస్తవాసి అని తేల్చేస్తారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. "ఆవిడ చేతిలో ఏదో ఉంది" అనగానే నేర్చుకోవాలనుకునేవాళ్లు వెనక్కి తగ్గుతారు, తెలుసుకోవాలనుకునేవాళ్లు అడగడం మానేస్తారు. చేతికి అలవాటు అవసరమే. కానీ ఆ చేతికి ఉన్నీ, పిండీ కూడా సాయం చేస్తాయి. ఆ సాయం ఎలా అందుతుందో చెప్పడానికే ఈ వ్యాసం. ఉన్ని ఎలా కత్తిరిస్తారు, వడకడానికి వీలుగా దువ్విన పీచుల ఏకులు ఎలా చేస్తారు, ఈస్ట్ అంటే ఏమిటి అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

ముందు దారం సంగతి. పట్టు పోగు ఒక్కటే సహజంగా వందల మీటర్ల పొడవుంటుంది. పత్తి పీచు పొడవు మామూలుగా 3 సెంటీమీటర్ల లోపే. ఉన్ని కాస్త నయం, రకాన్ని బట్టి 5 నుంచి 12 సెంటీమీటర్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. ఇంత పొట్టి పీచుల నుంచి కిలోమీటర్ల దారం వస్తోంది. మధ్యలో జిగురు లేదు, ముడి లేదు. ఒక పీచు అయిపోయిన చోట ఇంకోటి ఎప్పుడో మొదలై ఉంటుంది, అంతే. మరి లాగితే ఊడి రాదేం?

ఈ ప్రశ్న గెలీలియోకీ వచ్చింది. 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో, రెండు మూడు మూరల జనపనార పీచులతో పేనిన నూరు మూరల తాడు అంత బరువును ఎలా మోస్తుందని అడిగాడు. పేనినప్పుడు పీచులు ఒకదాన్నొకటి నొక్కిపట్టుకుంటాయి, గట్టిగా లాగితే పీచు తెగుతుందే కానీ జారిపోదు అన్నాడు. అది అర్థం కావడానికి ఒక స్తంభానికి తాడు చుట్టి చూపించాడు. ఆ స్తంభం దగ్గరే మనమూ కాసేపు ఆగుదాం. ఎందుకంటే విషయమంతా అక్కడే ఉంది.

నున్నటి గుంజకు తాడు చుట్టి ఒక కొసను మీరు పట్టుకున్నారు, రెండో కొసను ఎవరో లాగుతున్నారు. రాపిడి గుణకం, అంటే రాపిడి ఎంతో చెప్పే సంఖ్య, 0.3 అనుకుందాం. ఒక చుట్టు వేస్తే అవతలి లాగుడులో ఆరున్నరో వంతు బలంతో మీరు దాన్ని ఆపగలరు. రెండు చుట్లు వేస్తే 43వ వంతు చాలు. మూడు చుట్లకు 285వ వంతు. అంటే అవతల 285 కిలోల బరువు వేలాడుతున్నా, ఇవతల ఒక్క కిలో బరువు దాన్ని నిలబెడుతుంది. చుట్టు పెరిగేకొద్దీ పట్టు కూడికల్లో కాదు, హెచ్చవేతల్లో పెరుగుతుంది. కారణం చూడండి. తాడును ఎంత లాగితే అది గుంజను అంత నొక్కుతుంది, ఎంత నొక్కితే రాపిడి అంత పెరుగుతుంది. లాగేవాడి బలమే వాడికి అడ్డంపడుతుంది.

ఇప్పుడు గుంజ స్థానంలో ఇతర పీచులను పెట్టండి. పురి తిరిగిన దారంలో ప్రతి పీచూ మిగతావాటి చుట్టూ మెలికలుగా తిరుగుతుంది. దారాన్ని లాగితే బయటి పీచులు లోపలివాటిని నొక్కుతాయి. ఎంత నొక్కుతాయన్నదానికి లెక్కుంది. పీచులోని లాగుడును, దారం నిలువుతో అది చేసే కోణం సైన్ విలువ వర్గంతో హెచ్చవేసి, దారం వ్యాసార్ధంతో భాగిస్తే, ఒక్కో మిల్లీమీటరు పొడవున పడే నొక్కుడు వస్తుంది. పురి లేకపోతే కోణం సున్నా, నొక్కుడూ సున్నా. అందుకే ఏకును పట్టి లాగితే దూదిలా విడిపోతుంది. కోణం 5 డిగ్రీల నుంచి 20కి చేరితే, అంటే నాలుగింతలైతే, నొక్కుడు పదిహేను రెట్లవుతుంది. కదురు ఇంకాస్త తిప్పగానే, అప్పటిదాకా చేతిలో జారిపోతున్నది ఉన్నట్టుండి దారమైపోయే క్షణం వడికేవాళ్లందరికీ తెలుసు. అంత హఠాత్తుగా ఎందుకన్నదానికి ఈ వర్గమే కారణం. 2018లో వారెన్, బాల్, గోల్డ్‌స్టీన్ అనే ముగ్గురు భౌతిక శాస్త్రజ్ఞులు దీన్నే ఇంకో వైపు నుంచి లెక్కగట్టారు. పీచుల మధ్య రాపిడి ఒక హద్దు దాటితే జారడమనేది ఇక దారానికి బలహీనత కాదు, ఆపైన లాగితే పీచులే తెగాలి అని చూపించారు.

అలాగని తిప్పుకుంటూ పోతే సరిపోదు. పీచు ఏటవాలు అయ్యేకొద్దీ దాని బలంలో నిలువుగా పనికొచ్చే భాగం తగ్గుతుంది. 45 డిగ్రీల దగ్గర సగమే మిగులుతుంది. పట్టు పెరగడం, పనికొచ్చే భాగం తగ్గడం, ఈ రెండింటి మధ్య ఎక్కడో దారం బలం శిఖరానికి చేరి మళ్లీ దిగుతుంది.

ఇంకో చిక్కుంది. అన్నిటికంటే బయట ఉన్న పీచును ఎవరు నొక్కాలి? దాని మీద ఇంకేమీ లేదు. అది జారిపోతే దాని కింది వరస బయటికొస్తుంది, అదీ జారుతుంది, అలా పొర పొరగా దారమంతా ఊడిపోవాలి. ఊడదు. ఎందుకంటే బయట తిరిగే పీచుది పొడవైన దారి, అందువల్ల అది బిగుసుకుంటుంది. బిగుసుకున్నది దగ్గర దారి వెతుక్కుంటూ లోపలికి చొచ్చుకుపోతుంది. లోపల వదులుగా ఉన్నది బయటికి నెట్టబడుతుంది. ప్రతి పీచూ తన పొడవులో కొంతసేపు బయట ఉండి ఇతరులను నొక్కుతుంది, కొంతసేపు లోపల ఉండి నొక్కించుకుంటుంది. ఈ ఏర్పాటు నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరదు.

బడిలో రాపిడి పాఠం చెప్పేటప్పుడు ఏటవాలు బల్ల మీద ఒక చెక్కముక్కను పెడతారు. రాపిడి అంటే శక్తిని తినేసేది, నూనె రాసి వదిలించుకోవాల్సింది అన్న అభిప్రాయం పిల్లల్లో అక్కడే పడిపోతుంది. పిడికెడు దూది ఇచ్చి, వేళ్లతో పురి పెట్టించి, దాన్ని తెంపమని అడిగితే ఎంత బాగుంటుంది! తాము వేసుకున్న బట్ట రాపిడితోనే నిలబడి ఉందని తెలిసిన పిల్లలు ఆ పాఠాన్ని మరిచిపోరు.

ఇక పాఠకురాలి అసలు ప్రశ్న. దారం సమంగా ఎందుకొస్తోంది? వడికేటప్పుడు ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా పడడం సహజం. కదురు తిప్పే బలం దారం పొడవునా ఒకటే. కానీ సన్నటి చోటు సులువుగా మెలి తిరుగుతుంది. గట్టి కడ్డీ విషయంలోనైతే వ్యాసార్ధం సగమైతే మెలితిప్పుడుకు ఎదురు పదహారో వంతుకు పడిపోతుంది. పీచుల కట్ట కడ్డీ కాదు కాబట్టి లెక్క కచ్చితంగా అంతే ఉండదు, అయినా ధోరణి అదే. కాబట్టి పురి పరుగెత్తుకెళ్లి సన్నటి చోట చేరుతుంది. చేరి దాన్ని బిగిస్తుంది. లావు చోట పురి తక్కువ కాబట్టి అక్కడి పీచులు ఇంకా వదులుగా, జారేటట్టు ఉంటాయి. ఇప్పుడు మీరు చెయ్యి వెనక్కి లాగితే ఏమవుతుంది? సన్నటి చోటు కదలదు. లావు చోటే సాగి సన్నబడుతుంది. సన్నబడగానే అక్కడికీ పురి చేరుతుంది, అదీ బిగుస్తుంది. లాగుడు ఇంకా లావుగా మిగిలిన చోటికి పోతుంది.

అంటే తెగిపోతుందని మనం భయపడే చోటే ముందుగా కాపుదల దొరుకుతోంది. రాట్నం దగ్గర చెయ్యి బారుగా వెనక్కి లాగుతూ వడికేవాళ్లు ఈ సాయాన్నే వాడుకుంటారు. ముందు కాస్త పురి ఎక్కించి, ఆపి, లాగి, లావు ముద్దలు కరిగిపోవడం కళ్లారా చూసి, ఆ తర్వాత మిగతా పురి పెడతారు. శామ్యూల్ క్రాంప్టన్ 1779లో తయారుచేసిన మ్యూల్ అనే నూలు వడికే యంత్రం అంత సన్నటి నూలు తీయగలిగిందంటే, అదీ పురి ఎక్కుతుండగానే దారాన్ని సాగదీసేది కనుకనే.

దారం పేటల గురించి ఒక్కమాట. ఒంటిపేట దారాన్ని వదులు చేస్తే తనలో తానే మెలిపడుతుంది. లోపల దాచుకున్న పురి ఎటూ పోలేక ఉండచుట్టుకోవడం అది. రెండు మూడు పేటలను కలిపి వ్యతిరేక దిక్కులో పేనితే ఒకదాని తిరుగుడును ఇంకోటి ఆపుతుంది. ఫ్రాన్స్‌లో ఆబ్రి ద్యూ మరాస్ అనే చోట నియాండర్తల్ మనుషుల (ఎప్పుడో అంతరించిన ఒక మానవజాతి) పనిముట్టుకు అంటుకుని, సుమారు 6 మిల్లీమీటర్ల పొడవైన తాడుముక్క ఒకటి దొరికింది. 2020లో ఆ వివరాలు వెలువడ్డాయి. వయసు 41 వేల నుంచి 52 వేల ఏళ్లు. చెట్టు బెరడు లోపలి నారతో మూడు పేటలు ఒక దిక్కుగా తిప్పి, మూడిటినీ కలిపి రెండో దిక్కుగా పేనారు. ఇప్పుడు మనం అల్లికకు కొనే ఉన్ని బంతిలోనూ పద్ధతి అదే.

అల్లికలో కుట్లు సర్దుకోవడానికి కారణం కాస్త వేరు. అల్లిన బట్టలో దారం పెద్దగా సాగదు, ఉచ్చులే ఆకారం మార్చుకుంటాయి. వరసంతా ఒకే దారం కాబట్టి, బిగుసుకున్న కుట్టు పక్కనున్న వదులు కుట్టులోంచి దారం లాక్కోగలదు. పొడిగా ఉన్నప్పుడు మెలికల దగ్గర రాపిడి, పీచుల బిరుసుతనం దాన్ని ఆపుతాయి. నీళ్లలో ముంచినప్పుడు ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా నీటిని పీల్చుకుంటుంది. ఉన్ని పీచులోని కెరటిన్ అనే ప్రొటీన్ లోపలి హైడ్రోజన్ బంధాలు సడలిపోతాయి. అప్పుడు దారం కాస్త కాస్త జరుగుతుంది, బిగువు పక్కవాటికి పంచబడుతుంది. ఆరాక ఆ బంధాలు కొత్త ఆకారంలో కుదురుకుంటాయి. అందుకే అల్లిక పూర్తవగానే కుట్లు చూసి బెంగపడకండి. తడిపి, పరిచి, ఆరబెట్టాక చూడండి. నీళ్లలో నులిమి పిండకూడదు సుమా. ఉన్ని పీచు మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని, బట్ట దళసరిగా ముడుచుకుపోతుంది.

ఇప్పుడు పిండి. గోధుమపిండి ముద్దను గిన్నెలోని నీళ్లలో పెట్టి మెల్లగా పిసకండి. నీళ్లు తెల్లబడతాయి. అది పిండిపదార్థం, అంటే స్టార్చ్. నీళ్లు మార్చుకుంటూ పిసికితే చివరికి వేళ్ల మధ్య బూడిద రంగులో, సాగుతూ వెనక్కి లాగే జిగట ముద్ద మిగులుతుంది. ఇటలీలోని బొలోన్యాలో యాకోపో బెక్కారి అనే శాస్త్రజ్ఞుడు ఈ పని చేసి 1745లో ప్రచురించాడు. ఆ ముద్దే గ్లుటెన్. అందులో రెండు రకాల ప్రొటీన్లుంటాయి. గ్లయడిన్ జారుతుంది, గ్లుటెనిన్ వెనక్కి లాగుతుంది. గ్లుటెనిన్ ముక్కలను పొడవాటి గొలుసులుగా కలిపేది రెండు గంధకం పరమాణువుల మధ్య ఏర్పడే బంధం. ఉన్ని గట్టిదనానికీ అదే బంధం కారణం. స్వెటర్‌కూ బ్రెడ్‌కూ లోపల చుట్టరికం ఉందన్నమాట.

పిండి పొంగేటప్పుడు ఈస్ట్ కొత్త బుడగలను పుట్టించలేదు. పిసికేటప్పుడు మన చేతులు లోపలికి ఇరికించిన గాలి బుడగల్లోకే ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ వాయువు చేరి వాటిని పెంచుతుంది. బుడగ పెరిగేకొద్దీ దాని గోడ పల్చబడుతుంది, అదీ అంతటా ఒకేలా కాదు. మామూలు ద్రవమైతే పల్చటి చోటే ఇంకా పల్చబడి చిట్లిపోతుంది. గ్లుటెన్ అలా చెయ్యదు. ఎంత సాగితే దాని గొలుసులు అంతగా బారులు తీరి, ఇంకా సాగడానికి అంతకంటే ఎక్కువగా ఎదురుతిరుగుతాయి. కాబట్టి గోడలో పల్చబడిన చోటు బిరుసెక్కుతుంది, సాగుడు పక్కనున్న దళసరి చోటికి మళ్లుతుంది. రాట్నం దగ్గర పురి చేసిన పనే ఇక్కడ గొలుసులు చేస్తున్నాయి! ఒకచోట రాపిడి, ఇంకోచోట అణువుల అమరిక. కారణాలు వేరైనా కాపాడే పద్ధతి ఒక్కటే.

బాగా పిసికిన పిండిని చిన్న ఉండ తీసుకుని రెండు చేతులతో నాలుగు వైపులా మెల్లగా సాగదీసి దీపానికి ఎదురుగా పట్టుకుంటే, వెలుతురు కనిపించేంత పొర వస్తుంది, చిరగదు. పిసకడం చాలకపోతే గొలుసులు ఇంకా అల్లుకోలేదు, పొర చిల్లులు పడుతుంది. పిసికిన వెంటనే సాగదీసినా చిరగొచ్చు, అప్పటికే గొలుసులు బిగుసుకుని ఉంటాయి కాబట్టి. ఓ అరగంట మూతపెట్టి వదిలేస్తే ఆ బిగువు దానంతటదే సడలుతుంది. మన పాఠకురాలి పిండి చిరగడం లేదంటే, ఆవిడ సరిపడా పిసికి, సరిపడా ఆగుతున్నారని అర్థం.

అయితే ఈ కాపుదలకు హద్దుంది, ఉండాలి కూడా. ఓవెన్‌లో పిండి 60 డిగ్రీలు దాటేసరికి పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆపైన గ్లుటెన్ గట్టిపడుతుంది. ఇక సాగలేని గోడలు లోపలి ఒత్తిడికి అక్కడక్కడా చిట్లి బుడగలన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటాయి. అవి మూసుకునే ఉండిపోతే, బ్రెడ్ చల్లారేటప్పుడు లోపలి ఆవిరీ వాయువూ కుంచించుకుని దాన్ని లోపలికి లాగేసేవి. తెరుచుకున్నాయి కాబట్టి బయటి గాలి లోపలికి వెళ్తుంది, బ్రెడ్ పొంగిన ఎత్తులోనే నిలబడుతుంది.