ఇల్లు సర్దుకోవడం: కర్నూలు ఇండ్లలో తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

ఇండ్లు సర్దిపెట్టడం నా వృత్తి. కర్నూలు పాతబస్తీ మిద్దెల్లోనూ, కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలోనూ పని చేస్తుంటాను. ఇల్లు ఎలాంటిదైనా పేరుకుపోయిన సామాన్లలో ఎక్కువ భాగం ‘తర్వాత చూద్దాంలే’ అని పక్కన పెట్టినవే. ఉంచుకోవాలా, ఎవరికన్నా ఇవ్వాలా, తీసేయాలా అని తేల్చుకోక ఆగిపోయినవి. జనంలో ఉన్న అపోహలు చాలావరకు ఆ తేల్చుకోవడాన్ని ఇంకా వెనక్కి నెట్టేవే.

అపోహ: ముందు మంచి డబ్బాలు, బుట్టలు కొనాలి.

వాస్తవం: డబ్బాలు అన్నిటికన్నా చివర కొనాలి. ఎంత సామాను మిగులుతుందో తెలియకుండా కొన్న డబ్బాలో, అవసరం లేనివి కూడా మూతపెట్టుకుని కూర్చుంటాయి. ఒక్క గూడు ఎంచుకోండి. అందులో ఉన్నదంతా కింద చాప మీద పెట్టి, గూడు తుడిచి, కావలసినవే తిరిగి పెట్టండి. ఆ రోజుకు అది చాలు. ఒక ఆదివారమే ఇల్లంతా తిరగేస్తే సాయంత్రానికి ఓపిక అయిపోయి, సగం సామాను మంచాల మీదే ఉండిపోతుంది. అలా ఆగిపోయిన ఇండ్ల నుంచే నాకు ఎక్కువ ఫోన్లు వస్తాయి.

వంటింట్లో రోజూ పట్టుకునే వస్తువు మోకాలికి, కంటికి మధ్య ఎత్తులో ఉండాలి. రోజూ వండే సంగటి గిన్నె, కట్టె, రొట్టెల పెనం కింది అర మూలలోనూ, ఎప్పుడో ఒకసారి తీసే గాజు కప్పులు పొయ్యి పక్కనా ఉండటం చాలా ఇండ్లలో చూస్తాను. ఆ రెండిటినీ అటూ ఇటూ మార్చినా చాలు, వంట చేసే మనిషి రోజూ వంగి లేవడం చాలా తగ్గుతుంది.

అపోహ: ఇల్లు చిన్నది, చోటు లేదు.

వాస్తవం: మన ప్రాంతంలో గది చుట్టూ కడప బండలతో అటకలు వేయించుకోవడం మామూలు. చోటు అక్కడే ఉంది. లోపల ఏముందో ఎవరికీ తెలియదు, అదే ఇబ్బంది. అటక మీద ఒకదాని వెనక ఒకటి పెడితే వెనకది మరుగున పడిపోతుంది. తర్వాత అదే వస్తువు ఇంకోటి కొంటారు. వీలైనంత వరకు ఒకే వరుస పెట్టండి. ప్రతి పెట్టె ముందు భాగాన లోపల ఏముందో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. ఇంకో మాట: కడప బండ నొక్కుడుకు గట్టిదే కానీ వంపుకు తట్టుకోదు. బియ్యం మూటలు, రోళ్లు ఆధారం లేని నడిమధ్యలో పెడితే బండ చిట్లుతుంది. బరువైనవి గోడ దగ్గర, బండ ఆని ఉన్న చోట పెట్టాలి. అసలు బరువు తలకన్నా ఎత్తులో లేకపోతే ఇంకా మేలు.

అపోహ: నెలల తరబడి వాడనిది తీసేయాలి.

వాస్తవం: ఈ సూత్రం మన ఇండ్లకు అతకదు. ఓళిగల పెనం ఉగాదికే బయటికొస్తుంది. పెద్ద జాడీ మామిడికాయల కాలంలోనే దిగుతుంది. నలుగురు చుట్టాలు వస్తే పరిచే జంపఖానా ఏడాదంతా మడతలోనే ఉంటుంది. ఇవన్నీ ఉండాల్సినవే. నేను అడిగే ప్రశ్న వేరు: ఇది ఏ రోజున, ఏ పనికి బయటికి వస్తుంది? జవాబు వెంటనే వస్తే ఉంచండి. గృహప్రవేశాల్లో వచ్చిన స్టీలు గిన్నెలు, పేరంటాల్లో చేరిన రవికె గుడ్డలు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. అవి కొత్తవిగా ఉన్నప్పుడే వాడుకునేవాళ్లకు చేరాలి.

అపోహ: పెద్దోళ్లు ఉన్న ఇంట్లో ఏదీ తీయడానికి కుదరదు.

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. కరువు చూసిన సీమ ఇది. పాత చీరతో బొంత, చిరిగిన పంచెతో మసిగుడ్డ, ఖాళీ డబ్బాలో విత్తనాలు. ఆ జాగ్రత్తతోనే ఆ తరం సంసారాలు ఈదింది. వాళ్లు ఊరికి పోయినప్పుడు చూసి సామాను అమ్మేయడం నేను ఒప్పుకోను. అలా అడిగినవాళ్ల పని నేను తీసుకోను.

పాతబస్తీలో ఒకింట్లో ఇత్తడి బిందెలు, గంగాళాలు ఒక గదిని నింపేశాయి. కోడలు తూకానికి వేద్దామంటుంది, అత్త ముట్టుకోనివ్వదు. నేను ఒక్కో బిందె ఆమె ముందు పెట్టి, “ఇది ఎక్కడిది అవ్వా?” అని అడుగుతూ పోయాను. అంచు మీద కొట్టించిన పేర్లు తడిమి చూసి ఆమే చెప్పింది. “ఇది మా పుట్టింటోళ్లు పెట్టింది. ఇది మా ఆడబిడ్డది, పెండ్లికని తెచ్చి మళ్లీ ఇయ్యలేదు. ఇది ఎవరిదో నాకే తెలీదు పాపా, తీసెయ్.” పుట్టింటి బిందె తోమి పడసాలలో నీళ్లకు పెట్టుకుంది. ఇంకో రెండు బిందెలు కూతుళ్లకు పంపింది. ఆడబిడ్డది ఆమె ఇంటికే చేరింది. తక్కినవి తూకానికి వేయమని తనే చెప్పింది. వస్తువు ఎవరిదో వాళ్లను కూర్చోబెట్టి అడిగితే, తీసేయడానికి ఒప్పుకునేది మనం అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది.

అపోహ: కలరా ఉండలు వేస్తే బీరువా భద్రం.

వాస్తవం: ఆ ఉండ జరీకి తగిలితే రంగు మారుతుంది. పట్టుచీరలను ప్లాస్టిక్ కవర్లలో కాకుండా పాత నూలు గుడ్డలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడత మార్చండి. ఒకే మడతలో ఏండ్ల తరబడి ఉంటే జరీ అక్కడే తెగుతుంది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఈ ఉండలు వద్దే వద్దు. వీటిలోని నాఫ్తలీన్ వల్ల జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఎర్ర రక్తకణాలు విరిగిపోయి, కామెర్లు ముదరవచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి ముందుగా తెలియదు. బిడ్డ బట్టలు ఈ ఉండలతో దాచి ఉంటే, ఉతికి బాగా ఎండబెట్టాకే తొడగాలి.

అపోహ: మిద్దె మీద, దొడ్లో పడేస్తే ఎవరికీ అడ్డం లేదు.

వాస్తవం: పగిలిన బకెట్లు, పాత టైర్లు, మూతలేని డ్రమ్ములు డెంగీ దోమకు ఇండ్లు. నిలిచిన నీళ్లలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. గుడ్లు డబ్బా గోడకు అంటుకుని, నీళ్లు లేకున్నా నెలల పాటు బతుకుతాయి. అందుకని ఒలకబోస్తే సరిపోదు, గోడలు రుద్ది కడగాలి. కుళాయి రోజూ రాని వీధుల్లో డ్రమ్ములు తప్పవు, కనీసం మూత, వారానికోసారి కడగడం తప్పకూడదు. రాళ్లు, కట్టెల కుప్పల్లో తేళ్లు చేరతాయి. ఇక ప్లాస్టిక్, రెక్సిన్, వైర్లు భోగి మంటలో వేయకండి. ఆ పొగ పక్కనే నిలబడి పీల్చేది మన పిల్లలే. పాత సామాన్ల బండికి వేస్తే నాలుగు రూపాయలన్నా వస్తాయి.

అపోహ: కాగితాలన్నీ దాచిపెట్టాలి.

వాస్తవం: అన్నీ దాచితే కావలసింది దొరకదు. డబ్బులు కట్టేసిన పాత కరెంటు బిల్లులు, కాలం చెల్లిన గ్యారంటీ కార్డులు తీసేయండి. పాసు పుస్తకం, రిజిస్ట్రేషన్ పత్రాలు, చదువు సర్టిఫికెట్లు, రేషన్ కార్డు ఒకే గట్టి సంచిలో ఉండాలి. అది ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి తెలియాలి. అట్టపెట్టెల్లో వద్దు, చెదలు ముందు పట్టేది అట్టకే. నేల మీదా వద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊళ్లోకి వచ్చినప్పుడు కింది అరల్లో ఉన్నవన్నీ నానిపోయిన ఇండ్లు మన కర్నూలులో ఎన్నో. సంచి పై అరలో, అడ్డం లేకుండా, చెయ్యి చాపి లాగితే వచ్చేటట్టు ఉండాలి. పత్రాలను ఫోన్లో దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్ కూడా వాడుకోండి, ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోండి. ప్రభుత్వ శాఖ నుంచి నేరుగా అందులోకి వచ్చిన పత్రం చట్టప్రకారం అసలుతో సమానం. మనం ఫొటో తీసి ఎక్కించింది నకలు మాత్రమే, దాని అసలు సంచిలో ఉండాల్సిందే.