అగ్నిపర్వతాల పాత మ్యాపులు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో పన్నెండేళ్లుగా నా పని ఒకటే. అమెరికా పాత టోపోషీట్లను (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు) స్కాన్ చేసి, గీతలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం. ఇప్పుడు చేతిలో ఉన్నవి ఓరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల అడవుల్లోని అగ్నిపర్వతాల షీట్లు. మా టీమ్‌లో సగం మంది అనంతపురం, కడప పిల్లలే. కొత్తగా చేరినవాళ్ల నోట వినే మాటలివి.

అపోహ: ఉపగ్రహాల్లేని రోజుల్లో గీసినవి కాబట్టి అంతా అంచనాయే.

వాస్తవం: ఓరెగాన్‌లోని క్రేటర్ లేక్, అగ్నిపర్వతం కూలిన గుంటలో నిలిచిన సరస్సు. 1886లో భూగర్భ శాస్త్రవేత్త డటన్ బృందం పడవను కొండెక్కించి, నిట్టనిలువు అంచు మీంచి నీళ్లలోకి దించింది (తలుచుకుంటేనే నాకు టెన్షన్). పియానో తీగకు బరువు కట్టి 168 చోట్ల లోతు చూశారు. అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది 1,996 అడుగులు. 2000లో సోనార్‌తో (ధ్వని తరంగాలతో లోతు చూసే పరికరం) కొలిస్తే తేడా 50 అడుగులకు అటూ ఇటూ, అంతే.

అపోహ: చుట్టు తిరిగిన కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) అంటే గుట్టే.

వాస్తవం: గీతకు లోపలివైపు చిన్న గాట్లుంటే అది గుంట. ఓరెగాన్‌లోని న్యూబెర్రీ అగ్నిపర్వతం మీద వందలాది బూడిద గుట్టలున్నాయి, చాలావాటి నెత్తిన గుంట ఉంటుంది. మొదటి ఏడాది నేను ఆ గాట్లు చూసుకోలేదు. త్రీడీలో తిప్పితే గుంట ఉండాల్సిన చోటల్లా బొడిపె లేచింది. షీటు మొత్తం వెనక్కొచ్చింది. మసక స్కాన్‌లో గాట్లు అడవి ఆకుపచ్చలో కలిసిపోతాయి, అందుకే ఇప్పుడు పక్కనున్న ఎత్తు అంకెలు చూడందే ముట్టుకోను.

అపోహ: అడవిలోనూ కాంటూర్లు అంతే కచ్చితం.

వాస్తవం: ఈ గీతలు విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి గీసినవి, అడవిలో వాటిలో కనిపించేది చెట్ల తలలే. చెట్టు ఎత్తు ఇంత ఉంటుందని ఊహించి తీసేసేవారు. అక్కడి డగ్లస్ ఫర్ చెట్లు 200 అడుగులు దాటతాయి. ఆ ఊహ 20 అడుగులు తప్పితే, 40 అడుగులకో గీత ఉన్న షీటులో రెండు గీతల మధ్య ఎత్తులో సగం తప్పినట్టే.

అపోహ: కొండ ఎత్తు మారదు.

వాస్తవం: 1980 మే 18న పేలినప్పుడు వాషింగ్టన్‌లోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం 9,677 అడుగుల నుంచి 8,363కి పడిపోయింది. పాత షీటులో శిఖరం ఎత్తు తప్పు అని ఒక కుర్రాడు సరిదిద్దబోతే ఆపాను. ఎంత కొండ కూలిందో శాస్త్రవేత్తలు లెక్కగట్టింది ఆ పాత ఎత్తుల్లోంచి కొత్తవి తీసేసే!

ముద్రించిన ఏడాదినే సర్వే ఏడాది అనుకోవద్దు, రెండూ షీటు అంచులో విడివిడిగా ఉంటాయి. ఊదా రంగు గీతలైతే తర్వాత ఫొటోలు చూసి చేర్చినవి, నేల మీద సరిచూసినవి కావు. వాటిని నేను వేరే లేయర్‌లో పెడతాను.