మానేశాక రోజులు ఎందుకు చప్పగా ఉంటాయి?

తాగుడో, మత్తు మాత్రలో మానేసిన మనిషిని చూసి ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. ఆ మనిషి లోపల మాత్రం పరిస్థితి వేరుగా ఉంటుంది. మొదట్లో ఉన్న వణుకు, చెమటలు, ఒళ్ళునొప్పులు తగ్గాక ఇంకో కష్టం మొదలవుతుంది. ఇష్టమైన పాట పెట్టుకున్నా ఏమీ అనిపించదు. పిల్లలు నవ్వుతుంటే, నవ్వాలి కాబట్టి నవ్వడం. తిన్నామంటే తిన్నాం, పడుకున్నామంటే పడుకున్నాం. ‘ఇంత కష్టపడి మానింది ఇందుకోసమా?’ అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. కోలుకుంటున్నవాళ్ళను వెనక్కి లాగే వాటిలో ఇది చాలా బలమైనదని నేను నమ్ముతాను. ఎందుకంటే ఈ దశ వస్తుందని వాళ్ళకు ముందుగా ఎవరూ చెప్పరు.

మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంది. ఏది మనకు ముఖ్యమో, దేనికోసం మళ్ళీ వెతకాలో మెదడు నేర్చుకోవడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. మంచి భోజనం చేసినా, ఇష్టమైన మనిషి కనిపించినా అది కొంత పెరుగుతుంది. మత్తు పదార్థాలు దాన్ని అసహజమైన స్థాయికి పెంచేస్తాయి. అదే పనిగా అలా జరుగుతుంటే మెదడు తన స్పందనను తగ్గించుకుంటుంది. దీర్ఘకాలం వాడినవాళ్ళలో డోపమైన్‌ను అందుకునే డీ2 రిసెప్టర్లు తక్కువగా ఉన్నట్టు బ్రెయిన్ స్కాన్‌లలో కనిపించింది. ఆ స్థితిలో ఉన్న మెదడుకు మామూలు సంతోషాలు ఆనవు. అందుకే ఆ చప్పదనం.

అది శాశ్వతం కాదు. మెథాంఫెటమిన్ అనే ఉత్తేజక మత్తుమందు మానేసిన కొద్దిమందిని, వ్యసనం మీద పరిశోధించే శాస్త్రవేత్త నోరా వోల్కో బృందం ఏడాదికి పైగా గడిచాక మళ్ళీ స్కాన్ చేసి, 2001లో ఆ ఫలితాలు ప్రచురించింది. డోపమైన్‌ను తిరిగి కణాల్లోకి చేర్చే, దెబ్బతిన్న ట్రాన్స్‌పోర్టర్లు చాలావరకు తిరిగి పెరిగాయి. అయితే జ్ఞాపకశక్తి, శరీర కదలికల పరీక్షల్లో మెరుగుదల అంత స్పష్టంగా లేదు. మత్తు పదార్థాన్ని బట్టి, మనిషిని బట్టి కోలుకునే వేగం మారుతుంది. ఏదైనా ఇది నెలల మీద జరిగే పని. రెండో వారానికే మనసు కుదుటపడలేదని నిరాశపడటం అన్యాయం.

నిద్ర సంగతీ అంతే. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది కానీ కలలు ఎక్కువగా వచ్చే ఆర్‌ఈఎం నిద్రను అణచేస్తుంది, తెల్లవారుజామున మెలకువ తెప్పిస్తుంది. మానేశాక కొన్నాళ్ళు నిద్ర సరిగా పట్టదు, పట్టినా కలలు ముమ్మరంగా వస్తాయి. మళ్ళీ తాగేసినట్టు కల వచ్చి, ఉలిక్కిపడి లేచి, నిజంగానే తప్పు చేసినట్టు కుమిలిపోయేవాళ్ళు ఎందరో. అది కల మాత్రమే, కోలుకునే రోజుల్లో మామూలే. పొద్దున లేచే టైమ్ ఒకటే పెట్టుకోవడం, పగటి వెలుతురులో కాసేపు నడవడం మెల్లగా పనిచేస్తాయి. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేసుకోవద్దు. వాటిలో కొన్ని ఇంకో అలవాటుగా మారతాయి.

ఇక తహతహ, అంటే మళ్ళీ వాడాలన్న తీవ్రమైన కోరిక. ఇది ఎక్కువగా ఏదో ఒక గుర్తును పట్టుకుని వస్తుంది. మెదడు శాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ 1990లలో కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, మొదట పండ్లరసం నోట్లో పడ్డప్పుడు చురుకైన డోపమైన్ కణాలు, అలవాటయ్యాక రసం రాబోతోందని చెప్పే లైటు వెలగగానే చురుకయ్యాయి. మనిషి విషయంలో ఆ లైటు ఏదైనా కావచ్చు: ఒక వీధి మలుపు, ఒక ఫోన్ నంబర్, జీతం పడ్డ మెసేజ్. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికుల్లో చాలామంది, ఇంటికి తిరిగొచ్చాక ఆ బానిసత్వంలోకి మళ్ళీ జారలేదని పరిశోధకురాలు లీ రాబిన్స్ 1970లలో చూపించారు. పరిసరాలు మారడం ఒక్కటే అందుకు కారణం కాకపోవచ్చు. కానీ చోటుకు ఎంత బలముందో అది చెబుతుంది.

పని ముగించుకుని ఇల్లు చేరే సాయంత్రం వేళను చూడండి. కడుపు ఖాళీ, ఒళ్ళు అలసట, పొద్దుటి చీవాట్లు ఇంకా చెవిలో. చెప్పులు విప్పి కుర్చీలో కూలబడగానే చెయ్యి అలవాటు కొద్దీ అలమర వైపు పోతుంది. అక్కడ సంకల్పబలంతో యుద్ధం చేయడం కన్నా, ఆ గంట రూపమే మార్చడం తేలిక. అలమరలో సీసా ఉండకూడదు. రాగానే ఏదో ఒకటి తినాలి, స్నానం చేయాలి, ఒకరికి ఫోన్ చేయాలి. ఆ ఒకరెవరో పొద్దున్నే అనుకుని ఉంచుకోవాలి, ఎందుకంటే తహతహ వచ్చాక ఆలోచన పనిచేయదు. మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ తహతహను అలతో పోల్చారు. అది లేస్తుంది, ఉబుకుతుంది, మనం లొంగకపోయినా దానంతటదే దిగిపోతుంది. ఛాతీలో బిగువు, నోట్లో తడి ఆరడం, వేళ్ళ చురుకు... ఒక్కోటీ గమనిస్తూ కూర్చోమనేవారు.

ఎప్పుడో ఒకసారి జారినా, ‘ఎలాగూ పాడైంది, ఇంకెందుకు’ అనుకోవడమే ఒక గ్లాసును పది గ్లాసులు చేస్తుందని కూడా మార్లాట్ గుర్తించారు. అప్పుడు ఇంట్లోవాళ్ళు తిట్టిపోస్తే ఆ సిగ్గుతో మనిషి దాచడం నేర్చుకుంటాడు. “ఏమైంది, ఇప్పుడేం చేద్దాం?” అని అడిగితే దారి మిగులుతుంది. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్‌లు మానినవాళ్ళ విషయంలో ఇంకో ప్రమాదముంది. కొన్నాళ్ళ విరామంతో శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది, పాత మోతాదే ప్రాణం తీయగలదు.

రోజూ బాగా తాగేవాళ్ళు డాక్టర్ సాయం లేకుండా ఒక్కసారిగా ఆపకూడదు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అలాగే మానేశాక వారాల తరబడి దిగులు తగ్గకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచనలు వచ్చినా ‘ఇదంతా మామూలే’ అని ఓర్చుకోవద్దు. చావు ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పాలి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. డిప్రెషన్ కూడా తోడై ఉండొచ్చు. దానికి మందులు, కౌన్సెలింగ్ ఉన్నాయి, వ్యసనానికి చేసే చికిత్సతో పాటే దానికీ చేస్తారు.