ఓడలో ఎక్కినవాళ్ళందరితోనూ

గుంటూరు

సండే స్కూలు పిల్లలందరికీ మీ మామ్మ వందనాలు.

పోయిన ఆదివారం మొక్కలు నాటే మాట వచ్చినప్పుడు మీలో ఒకరు అడిగారు: "లోకం ఎలాగూ కాలిపోతుందని బైబిల్లో పేతురు రాసిన పత్రికలో ఉందిగా మామ్మా, ఇప్పుడు వేపమొక్క నాటి ఏం లాభం?" ఇంకొకరు పక్కనుంచి, "చెట్టూ పుట్టా మనకెందుకు, అది మన పద్ధతి కాదుగా" అన్నారు. గుడి బయట నిలబడి చెప్పేంత చిన్న జవాబులు కావు ఇవి. పెద్దవాళ్ళకీ ఈ అనుమానాలున్నాయి, పైకి అనరంతే. మీరు అన్నందుకు సంతోషం.

ముందు పేతురు సంగతి. రెండో పత్రిక మూడో అధ్యాయం తీయండి. అగ్ని మాట ఎత్తేముందు ఆయన నోవహు నాటి జలప్రళయాన్ని గుర్తుచేస్తాడు. అప్పటి లోకం నీళ్ళలో నశించిందంటాడు. సరే, నశించాక ఏమైంది? నోవహు ఓడలోంచి వదిలిన పావురం ఒలీవ ఆకు తెచ్చింది. అంటే నేలా ఉంది, చెట్టూ ఉంది. నోవహు దిగి ద్రాక్షతోట వేసుకున్నాడు. పేతురు కూడా అగ్ని దగ్గర ఆగడు, ఇంకొంచెం కిందికి వస్తే కొత్త ఆకాశం, కొత్త భూమి అంటాడు. మనవాళ్ళలో కొందరు కాలిపోవడం దాకా చదివి పుస్తకం మూసేస్తారు.

నన్నడిగితే అసలు సంగతి ఇంకోటుంది. లోకం నిజంగా మునగబోతున్నప్పుడు దేవుడు మనిషికి అప్పగించిన పనేమిటి? ఎలాగూ పోయేదే కదా అని చేతులు ముడుచుకు కూర్చోమన్నాడా? ఓడ కట్టి పశువుల్నీ పక్షుల్నీ నేలమీద పాకేవాటినీ ఎక్కించుకోమన్నాడు. వాటికి మేత కూడా సర్దుకోమన్నాడు. అంత పెద్ద ప్రళయం ముందు గడ్డీ గింజల సంగతి కూడా మర్చిపోని దేవుడు! అంతం దగ్గరపడ్డ రోజున నోవహుకి దొరికిన ఉద్యోగం పశువుల కాపలా. కాబట్టి అంతం వస్తుంది గనక చెట్లెందుకనే మాట నోవహు ముందు నిలబడదు.

నీళ్ళు తీశాక దేవుడు చేసిన నిబంధన, అంటే ఆయన ఇచ్చిన మాట, ఆదికాండము తొమ్మిదో అధ్యాయంలో ఉంది. దానికి గుర్తుగా మబ్బులో పెట్టిన ఇంద్రధనుస్సు బొమ్మకి మీరు వి.బి.ఎస్.లో, అదే సెలవుల బైబిలు బడిలో, రంగులు వేస్తూనే ఉంటారు. నిబంధన ఎవరితో అని అడిగితే మాత్రం "నోవహుతో" అంటారు. ఒక్కసారి నిదానంగా చదవండి. నోవహుతో, అతని సంతానంతో, ఓడలోంచి దిగిన పక్షులతో, పశువులతో, భూమ్మీది ప్రతి జంతువుతో. అదేదో ఒక్కసారి నోరుజారి వచ్చిన మాట కాదు, ఆ కొద్ది వచనాల్లోనే మళ్ళీ మళ్ళీ వస్తుంది. దేవుడు పిచ్చుకకీ మాటిచ్చాడు. ఆయన మాటిచ్చినవాళ్ళని మనం మనకేమీ కానట్టు చూడటం మర్యాదేనా?

ఇక చెట్టుకి దణ్ణం సంగతి. మన ఇరుగుపొరుగులో రావిచెట్టుకీ వేపచెట్టుకీ పసుపు రాసి మొక్కేవాళ్ళున్నారు. అది వాళ్ళ నమ్మకం, మనం వేలెత్తి చూపే పని లేదు. మనం మొక్కం. అయితే మొక్కనంత మాత్రాన నరికెయ్యమని ఎవరూ చెప్పలేదు. ద్వితీయోపదేశకాండము ఇరవయ్యో అధ్యాయంలో, శత్రువు పట్టణాన్ని ముట్టడించేటప్పుడు కూడా పండ్లచెట్లు నరకొద్దని ఆజ్ఞ ఉంది. యుద్ధంలోనే వద్దంటే, గుడి ముందు కారు పెట్టుకోవడానికి నరకొచ్చా? 148వ కీర్తన చూడండి, కొండల్నీ ఫలవృక్షాల్నీ రెక్కల పక్షుల్నీ దేవుణ్ణి స్తుతించమంటుంది. ఆ లెక్కన చెట్టు మనతోపాటు క్వయర్లో నిలబడి పాడుతున్నది. క్వయర్లో పక్కవాణ్ణి ఎవరూ పూజించరు, అలాగని తోసెయ్యరు కూడా.

ద్వితీయోపదేశకాండములోనే, రెండు అధ్యాయాలు దాటాక, నాకు బాగా ఇష్టమైన ఆజ్ఞ ఒకటుంది. దారిలో పిట్టగూడు కనబడి, తల్లి గుడ్లమీదో పిల్లలమీదో కూర్చుని ఉంటే, తల్లిని పట్టుకోకూడదు, వదిలెయ్యాలి. అలా చేస్తే నీకు మేలు కలుగుతుంది, దీర్ఘాయువు దొరుకుతుంది అంటాడు. ఈ వాగ్దానం ఎక్కడో విన్నట్టుంది కదూ? పది ఆజ్ఞల్లో అమ్మానాన్నల్ని సన్మానించమన్నచోట ఉన్నదీ ఇదే. కన్నతల్లిని గౌరవిస్తే ఏ దీవెనో, తల్లిపిట్టని వదిలేస్తే అదే దీవెన. ఆకాశపక్షుల్ని చూడమని యేసు కొండమీద చెప్పినప్పుడు, ఈ ధర్మశాస్త్రం వింటూ పెరిగినవాడే ఆ మాట అన్నాడని గుర్తుపెట్టుకోండి.

ఆ మాటని మనం కంఠతా పట్టాం గానీ చేసింది తక్కువ. గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది. ఆ ఊరి చెరువులోని చెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వందల్లో గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివాళ్ళు వాటిని తరమరు, కొట్టరు. నత్తగుల్ల కొంగని చూస్తే మీకు నవ్వొస్తుంది, ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది. వరిచేలల్లో నత్తల్ని పట్టి తినడానికి దానికిచ్చిన పనిముట్టు అది. కొంగ తన కాలమెరుగుతుంది, నా ప్రజలు ఎరగరు అని దేవుడు నొచ్చుకున్న మాట యిర్మీయా ప్రవక్త రాసిపెట్టాడు. ఆయన చూసింది ఈ ఎర్రకాళ్ళ కొంగని కాదు, ఆఫ్రికాకీ యూరపుకీ మధ్య ఇశ్రాయేలు దేశం మీదుగా ఎగిరే తెల్లకొంగల్ని అయ్యుండాలి. అవి ఎప్పుడొస్తాయో ఎప్పుడు పోతాయో తలెత్తి చూసినవాడికే ఆ మాట రాయడం కుదురుతుంది.

ఇంకో సంగతి, ఇది కాస్త బరువైనది. క్రైస్తవుల్లో చాలా సంఘాలవాళ్ళు సెప్టెంబరు 1న సృష్టి కోసం ప్రార్థిస్తారు. 1989లో ఆర్థడాక్సు సంఘానికి పెద్దయిన దిమిత్రియోసు ఆ రోజుని పెట్టాడు, 2015లో పోపు ఫ్రాన్సిసు క్యాథలిక్కులకీ పెట్టారు. అక్టోబరు 4, అస్సీసీ ఫ్రాన్సిసు అనే పాతకాలపు భక్తుడి పండగ దాకా సాగే కాలం అది. 2024లో సెప్టెంబరు 1 ఆదివారమే వచ్చింది. ఆ రోజే బుడమేరు అనే ఏరు పొంగి విజయవాడ మీద పడింది. గట్టుకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు, అంత నీరు అంతకుముందెప్పుడూ వదల్లేదు.

దేవుడి కోపమన్నవాళ్ళున్నారు. నేనలా అనను. బుడమేరు కొల్లేటికి పోయే ఏరు, కొల్లేరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. ఏరు నడిచే చోట మనం ఇళ్ళు కట్టాం, కొల్లేట్లో చేపల చెరువులకి గట్లు పోశాం. అక్కడ స్థలం కొనుక్కున్న బీదవాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకి అందే ధరకి దొరికింది అక్కడే. కానీ ఏరు ఎటు పోతుందో తెలిసినవాళ్ళు, కాగితాలమీద సంతకాలు పెట్టేవాళ్ళు, వాళ్ళలో ఆదివారం గుడికి పోయేవాళ్ళు లేరా? పొరుగువాణ్ణి ప్రేమించాలంటే అతని గుమ్మంలోకి నీళ్ళు ఎటునుంచి వస్తాయో కూడా తెలిసుండాలి. ప్రళయాల గురించి మనకి పాటలున్నాయి, మురుగుకాలవల గురించి ఒక్క ప్రసంగం కూడా నేను వినలేదు.

మా చిన్నప్పుడు కోతల పండగకి కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కందులు, ఒక్కోసారి కాళ్ళు కట్టిన కోడిపుంజు బలిపీఠం ముందుకొచ్చేవి. ఆరాధన అయ్యాక వేలంపాట, ఆ కేకలు, నవ్వులు. ఇప్పుడు కవర్లో నోటు పెట్టి ఇస్తున్నాం. తప్పని కాదు, పట్నంలో చేను ఎవరికుంది? కాకపోతే ఆ బియ్యం ఏ నేలలో పండిందో, ఆ నేలకి ఏ మందు కొట్టారో అడగడం కూడా కవర్తోపాటే మానేశాం. క్రిస్మస్‌కి పశువుల పాక థర్మాకోలుతో చెయ్యడం మాత్రం నాకస్సలు నచ్చదు. ఈసారి గడ్డి నేను తెప్పిస్తాను.

వచ్చే శనివారం ఉప్పలపాడు వెళ్తున్నాం. ఎండెక్కకముందే చేరాలి, ఆరింటికల్లా గుడి దగ్గరుండండి. నీళ్ళు ఇంటినుంచి స్టీలు సీసాలో తెచ్చుకోండి. చెరువు దగ్గర అరుపులుండకూడదు, పాటలు తిరిగొచ్చేటప్పుడు బస్సులో పాడుకుందాం. ఒక నోటుపుస్తకం కావాలి. మీ వీధి వాననీళ్ళు ఏ కాలవలోకి పోతాయో, ఆ కాలవ ఎక్కడ కలుస్తుందో అమ్మానాన్నల్ని అడిగి మొదటి పేజీలో రాసుకు రండి. తెలియదంటే తెలియదనే రాయండి, దారిలో కనుక్కుందాం.

ఇట్లు,
మీ మామ్మ