ఏ గ్యాసు, ఎక్కడి గ్యాసు?

మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే "అన్నా, గ్యాస్ టాబ్లెట్ ఒక షీటు ఇవ్వు" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఏ గ్యాసని షాపతను అడగడు. పాంటోప్రజోలో ఒమెప్రజోలో తీసి చేతిలో పెడతాడు. వచ్చినవాడికి ఛాతీలో మంటగా ఉండొచ్చు, పొట్ట ఉబ్బి ఉండొచ్చు, రెండు ముద్దలకే కడుపు నిండిపోతూ ఉండొచ్చు. మన వాడుకలో అన్నీ గ్యాసే. నడుం పట్టేసినా "గ్యాస్ పట్టింది" అనేవాళ్ళున్నారు. తమాషా ఏమిటంటే, ఆ టాబ్లెట్‌కి గ్యాసుతో సంబంధమే లేదు. అది కడుపులో ఊరే యాసిడ్‌ని తగ్గిస్తుంది, అంతే.

ఈ గందరగోళానికి 'గ్యాస్ట్రిక్' అనే మాట కూడా తోడైంది. గ్యాస్ట్రిక్ అంటే గ్యాసుకు సంబంధించినదని చాలామంది అనుకుంటారు. అది గ్రీకులో పొట్టకున్న పేరు 'గాస్టెర్' నుంచి వచ్చింది. గ్యాస్ట్రిక్ జ్యూస్ అంటే జఠరరసం, గ్యాస్ట్రైటిస్ అంటే జఠరం లోపలి పొర వాచి ఎర్రబడటం. 'గ్యాస్' సంగతి వేరు. 17వ శతాబ్దంలో యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ అనే ఫ్లెమిష్ వైద్యుడు 'ఖావోస్' అనే గ్రీకు మాటను మార్చి దాన్ని పుట్టించాడు. రెండు మాటలకీ ఏ చుట్టరికమూ లేదు. అయితే కడుపులో తిండి అరగడానికి ఆమ్లం కావాలని గట్టిగా చెప్పిన తొలి తరం వాళ్ళలో ఈ హెల్మాంట్ కూడా ఒకడు. ఆ ఆమ్లం హైడ్రోక్లోరిక్ ఆసిడేనని విలియం ప్రౌట్ అనే ఇంగ్లీషు వైద్యుడు తేల్చింది చాలా తర్వాత, 1820లలో.

'అసిడిటీ ఉంది' అంటాం గానీ, అసిడిటీ లేని కడుపు ఉండదు. జఠరం రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా రసాన్ని ఊరిస్తుంది. దాని పీహెచ్ 1.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది, అంటే నిమ్మరసంతో పోటీ పడే పులుపు. జఠరం లోపలి గోడకి జిగురు పొర ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు. అన్నవాహికకి అంత రక్షణ లేదు. ఆ రెండూ కలిసే చోట ఉండే కండరాల రింగు వదులై రసం పైకి ఎగదన్నితే అది యాసిడ్ రిఫ్లక్స్. దానివల్ల ఛాతీ మధ్యలో పుట్టే మంట హార్ట్‌బర్న్. మనం గుండెల్లో మంట అంటాం, ఇంగ్లీషువాళ్ళూ గుండెకే అంటగట్టారు. పాపం, గుండెకి ఇందులో ఏ పాత్రా లేదు. రాత్రి పది గంటలకి బిర్యానీ తిని పదిన్నరకి పడుకుంటే నిండిన కడుపు, కొవ్వు, పడుకున్న ఒళ్ళు మూడూ కలిసి ఆ రింగుని ఓడిస్తాయి. తిన్నాక రెండు మూడు గంటలాగి పడుకోమనేది, మంచం తలవైపు కోళ్ళ కింద దిమ్మలు పెట్టి ఎత్తు చేసుకోమనేది ఇందుకే.

ఇక్కడే అసలు ప్రమాదం. గుండె నుంచీ అన్నవాహిక నుంచీ వచ్చే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే మెట్లలో చేరతాయి. నొప్పి ఎక్కడిదో మెదడు కచ్చితంగా చెప్పలేదు. గుండె అడుగు భాగానికి రక్తం అందకపోతే కొందరికి ఛాతీలో నొప్పే ఉండదు. పొట్ట పైభాగంలో బరువుగా, వాంతి వచ్చేలా ఉంటుంది. "మధ్యాహ్నం పప్పు ఎక్కువ తిన్నాను, గ్యాసే" అనుకుని సోడా తాగి పడుకుంటారు. నిజమే, రిఫ్లక్స్ అయితే సాధారణంగా తిన్నాక, వంగినప్పుడు, పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది, నోట్లోకి పుల్లగా వస్తుంది. గుండె నొప్పి అయితే ఏదో పెద్ద బరువు పెట్టి నొక్కినట్టు ఉండి, మెట్లెక్కితే పెరుగుతుంది. చెమటలు పడతాయి, ఎడమ చేతికో దవడకో పాకుతుంది, ఆయాసం వస్తుంది. కానీ ఈ తేడాలు పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా మనుషుల్లో కనిపించవు. షుగర్ ఉన్నవాళ్ళలో, పెద్దవయసు వాళ్ళలో, ఆడవాళ్ళలో మరీ మసకగా ఉండొచ్చు. యాసిడ్‌ని విరిచే మందు (యాంటాసిడ్) తాగితే తగ్గింది కాబట్టి గుండె బాగానే ఉందనుకోవడానికీ వీల్లేదు. కొత్తగా వచ్చిన నొప్పి, అందులోనూ చెమటతో వచ్చింది, గ్యాసో కాదో తేల్చాల్సింది మనం కాదు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్తే ఈసీజీ తీస్తారు. ఈసీజీ మామూలుగా ఉన్నా అవసరమైతే రక్తపరీక్ష చేసి, మళ్ళీ ఈసీజీ తీసి చూస్తారు.

మందుల విషయంలోనూ ఈ ఒక్క మాట తిప్పలు పెడుతుంది. ఈనో లాంటి పొడిని నీళ్ళలో వేయగానే బుస్సున పొంగుతుంది కదా, అది సోడా ఉప్పూ సిట్రిక్ ఆసిడ్ కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టించడం. అంటే గ్యాసుకని తాగే మందు తనే గ్యాసును తయారుచేస్తుంది. ఓ పెద్ద త్రేన్పు వచ్చాక "హమ్మయ్య, పోయింది" అనుకుంటాం. పోయినదాంట్లో చాలాభాగం ఇప్పుడు తాగినదే! మంట తగ్గడం మాత్రం నిజం, సోడా ఉప్పు యాసిడ్‌ని విరిచేస్తుంది. గులాబీ రంగు సిరప్‌లలో అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌లు ఆ పని చేస్తాయి. మొదటిది మలబద్ధకం తెస్తుంది, రెండోది విరేచనం చేయిస్తుంది, అందుకే జోడీగా కలుపుతారు. పాంటోప్రజోల్ దారి వేరు. అది ఊరిన యాసిడ్‌ని ముట్టుకోదు, యాసిడ్‌ని ఊరించే పంపులను ఆపుతుంది. తిండి లోపలికి వెళ్ళినప్పుడే ఆ పంపులు పనిలోకి దిగుతాయి కాబట్టి, అప్పటికే మందు రక్తంలో ఉండాలి. తినడానికి అరగంట ముందు వేసుకోమనేది అందుకు. కడుపునిండా తిన్నాక వేసుకుని వెంటనే పనిచేయలేదనడం మందు తప్పు కాదు. నెలల తరబడి డాక్టరుకి చెప్పకుండా వేసుకోవడం కూడా మంచిది కాదు.

అజీర్తిని ఇంగ్లీషులో ఇన్‌డైజెషన్ అంటారు, డాక్టర్లు డిస్పెప్సియా అని రాస్తారు. పొట్ట పైభాగంలో బరువు, త్వరగా నిండిపోవడం, తిన్నాక ఇబ్బంది దీని లక్షణాలు. గ్రీకులో 'పెప్సిస్' అంటే అరుగుదల. 1836లో థియోడోర్ ష్వాన్ జఠరరసంలో కనిపెట్టిన ఎంజైముకి పెప్సిన్ అని పేరు పెట్టింది దాన్నిబట్టే. 1898లో అమెరికాలో కేలబ్ బ్రాడమ్ అనే మందుల షాపతను తన డ్రింకుకి పెప్సీ అని పేరు పెట్టిందీ ఆ కుటుంబం లోంచే, అరుగుదలకి మంచిదని చెప్పుకోవడానికి. పెప్టిక్ అల్సర్‌కి కూడా అదే మూలం. అల్సర్ అంటే కారం తిన్నందుకు, టెన్షన్ పడినందుకు వస్తుందని మొన్నమొన్నటిదాకా డాక్టర్లూ నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ చాలా అల్సర్లకి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కారణమన్నారు. ఎవరూ ఒప్పుకోకపోయేసరికి మార్షల్ 1984లో ఆ బాక్టీరియాని తనే తాగి గ్యాస్ట్రైటిస్ తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మరి నిజమైన గ్యాసు ఎక్కడుంటుంది? పైన ఉండేది ఎక్కువగా మనం మింగిన గాలి, త్రేన్పుగా పోతుంది. కింద ఉండేది పెద్దపేగులో తయారవుతుంది. శనగలు, రాజ్మా, పప్పుల్లో ఉండే రాఫినోజ్ లాంటి చక్కెరల్ని విడగొట్టే ఎంజైము మన చిన్నపేగులో లేదు. అవి అలాగే పెద్దపేగుదాకా వెళ్తే అక్కడి బాక్టీరియా పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా వదులుతాయి. వీటిలో దేనికీ వాసన లేదు, ఆ ఖ్యాతి అంతా రవ్వంత ఉండే గంధకపు వాయువులది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా రోజుకి పది ఇరవై సార్లు పోవడం మామూలే. శనగల్ని రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే ఆ చక్కెరలు కొంత పోతాయి. పాలు తాగితే పొట్ట ఉబ్బేవాళ్ళకి పాలలోని చక్కెరని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము తక్కువ. వాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలకి ఈ మాటలతో ఇంకో చిక్కు. "ఛాతీలో గ్యాస్" అంటే అక్కడి డాక్టరుకి బోధపడదు, వాళ్ళ గ్యాసు కిందనుంచి పోయేదో, కారులో పోసేదో. "లూజ్ మోషన్స్" మన దేశపు ఇంగ్లీషు, అక్కడ డయేరియా అనాలి. పొట్టబ్బరం బ్లోటింగ్, త్రేన్పు బర్ప్, పుల్లటి త్రేన్పులతో మంట హార్ట్‌బర్న్. ఇవేవీ గుర్తు రాకపోతే కంగారు పడక్కర్లేదు, అక్కడి ఆసుపత్రుల్లో అడిగితే ఫోన్‌లోనైనా తెలుగు దుబాసీని ఇప్పిస్తారు. ఆయనతో మాత్రం గ్యాస్ అనకుండా ఎక్కడ మంట, తిన్న ఎంతసేపటికి, పడుకుంటే పెరుగుతుందా, నడిస్తే పెరుగుతుందా అన్నది తెలుగులోనే చెప్పాలి.