యూరోవిజన్: మా బావ అనుమానాలు, నా జవాబులు

ఏటా మే నెలలో మా బావ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. "ఏం బావా, ఈసారి కూడా ముందే ఫిక్స్ చేసేశారటగా?" నేను యూరప్‌లో టీవీ సంగీత కార్యక్రమాలకు లైటింగ్ ప్రోగ్రామింగ్ చేస్తాను. యూరోవిజన్‌కు పాట పంపడానికి దేశాలు ముందుగా పెట్టుకునే ఎంపిక పోటీల్లో కూడా పనిచేశాను. అందుకని ఫిక్సింగ్‌లో నాకూ వాటా ఉందని ఆయన నమ్మకం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యూరోవిజన్ అంటే ఎక్కువగా యూరప్ దేశాలు తలపడే టీవీ పాటల పోటీ. ఇది 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 7 దేశాలతో మొదలైంది. దేశానికి ఒక పాట. నిడివి 3 నిమిషాలు దాటకూడదు, స్టేజీ మీద ఆరుగురికి మించి ఉండకూడదు. ఫైనల్లో ప్రతి దేశం రెండుసార్లు పాయింట్లు ఇస్తుంది: సంగీత రంగ నిపుణుల జ్యూరీ ఒకసారి, ప్రేక్షకులు ఒకసారి. మొదటి స్థానానికి 12, రెండో స్థానానికి 10, తర్వాత 8 నుంచి 1 దాకా.

అపోహ: ఇరుగుపొరుగు దేశాలు ఒకరికొకరు ఓట్లేసుకుంటాయి, పాటతో పనిలేదు.

సగం నిజం. గ్రీస్, సైప్రస్ ఒకదానికొకటి 12 ఇచ్చుకోవడం ఎంత మామూలంటే, ప్రకటించకముందే హాల్లో జనం నవ్వేస్తారు. టర్కీ పోటీలో ఉన్న రోజుల్లో (చివరిసారి 2012) జర్మనీలో స్థిరపడిన టర్కీవాళ్ల ఓట్లు గట్టిగానే పడేవి. మనకిది కొత్తా? 2010లో శ్రీరామచంద్ర ఇండియన్ ఐడల్ గెలిచినప్పుడు మనవాళ్లు ఎస్ఎంఎస్‌లు ఎలా కొట్టారో తెలిసిందే. ఇక్కడ ఒక తేడా ఉంది. ఎవరూ సొంత దేశానికి ఓటు వేయకూడదు, కానీ పరాయి దేశంలో ఉంటే వేయొచ్చు.

అయితే పక్కింటివాడు ఎంత ప్రేమించినా ఇవ్వగలిగింది ఆ 12లే. పోర్చుగల్‌నే చూడండి. సరిహద్దు పంచుకునే దేశం స్పెయిన్ ఒక్కటే. 1964 నుంచి పోటీపడుతూ 2017లో మొదటిసారి గెలిచింది, అదీ 758 పాయింట్లతో. అన్ని పాయింట్లు చుట్టరికంతో వచ్చేవి కావు.

చుట్టరికం వేరు, రాజకీయం వేరు. 2022లో ఉక్రెయిన్‌కు ప్రేక్షకుల నుంచి 439 పాయింట్లు వచ్చాయి, రావడానికి వీలున్నవే 468. జ్యూరీలు మాత్రం అదే పాటను నాలుగో స్థానంలో పెట్టాయి. ఇజ్రాయెల్‌కు 2024లో ప్రేక్షకులు 323 ఇస్తే జ్యూరీలు 52, 2025లో 297కు 60. దీన్ని మోసం అనేముందు లెక్క చూడాలి. ఈ పోటీలో "వద్దు" అని చెప్పే బటన్ లేదు. ఒక దేశాన్ని సమర్థించేవాళ్లంతా ఒకే పాట మీదికి వస్తారు. వ్యతిరేకించేవాళ్ల ఓట్లు మిగతా పాతిక పాటల మీద చెల్లాచెదురవుతాయి. పైగా 2025 వరకు ఒక్క మనిషి 20 ఓట్లు వేసే వీలుండేది. 2026కి దాన్ని 10కి తగ్గించారు. నన్నడిగితే ఒక్కటి చాలు.

అపోహ: రాజకీయాలు ఈ మధ్యే చొరబడ్డాయి.

1974లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో స్వీడన్ బృందం అబ్బా గెలిచిందని అందరికీ గుర్తు. అదే రాత్రి పోర్చుగల్ పాటకు వచ్చినవి 3 పాయింట్లు, అంటే అట్టడుగు. మూడు వారాలు కూడా గడవకముందే, ఏప్రిల్ 24 రాత్రి ఆ పాట లిస్బన్ రేడియోలో వినిపించింది. తిరుగుబాటు సైనికులకు అదే తొలి సంకేతం. మర్నాటికి పోర్చుగల్‌లో నియంతృత్వం కూలిపోయింది.

అపోహ: జ్యూరీని కొనేస్తారు.

ప్రయత్నాలు జరిగాయి. 2022 రెండో సెమీఫైనల్లో ఆరు దేశాల జ్యూరీల ఓట్లు అనుమానాస్పదంగా కనిపిస్తే, నిర్వాహకులైన యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ వాటిని పక్కనపెట్టింది. అంటే దొంగలూ ఉన్నారు, కాపలా కూడా ఉంది.

జనానికి తెలియని అసలు సంగతి వేరే ఉంది. జ్యూరీ మార్కులు వేసేది శనివారం ఫైనల్‌కు కాదు, శుక్రవారం రాత్రి జరిగే డ్రెస్ రిహార్సల్‌కు. అదీ తమ దేశంలోనే కూర్చుని, టీవీలో చూసి. రేపటికి దాచుకుందామని ఆ రాత్రి గొంతు తగ్గించి పాడినవాళ్ల పని అయిపోయినట్టే. శనివారం అదరగొట్టినా జ్యూరీ పాయింట్లు మారవు. అందుకే మా రంగంలో శుక్రవారం టెన్షనే ఎక్కువ.

అపోహ: సున్నా వచ్చిందంటే ఆ పాట ఎవరికీ నచ్చలేదని.

2025లో బాసెల్‌లో ఆతిథ్య దేశం స్విట్జర్లాండ్‌కు జ్యూరీలు 214 పాయింట్లు ఇచ్చాయి, ప్రేక్షకులు సున్నా. ప్రతి దేశంలోనూ పదకొండో స్థానంలో నిలిచిన పాటకు కూడా దక్కేది సున్నాయే. ఎవరూ తిట్టుకోని, ఎవరూ ఫోన్ చేతిలోకి తీసుకోని పాట ఇక్కడ చచ్చిపోతుంది. దీనికి తిరగేసిన ఉదాహరణ 2016. జ్యూరీల్లో ఆస్ట్రేలియా మొదటిది, ప్రేక్షకుల్లో రష్యా మొదటిది. రెండింట్లోనూ రెండో స్థానంలో ఉన్న ఉక్రెయిన్ కప్పు పట్టుకెళ్లింది.

అపోహ: స్టేజీ మీద ఎంత డబ్బు పోస్తే అన్ని పాయింట్లు.

ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. మేము చేసేది స్టేజీ కాదు, మూడు నిమిషాల టీవీ. ఏ షాట్ ఏ మాట దగ్గర మారాలో, ఏ లైటు ఏ దెబ్బకు వెలగాలో ముందే రాసిపెట్టి పాట టైమ్‌కోడ్‌కు (పాటలో ఏ క్షణం నడుస్తోందో చెప్పే గడియారానికి) కట్టేస్తాం. పాటకూ పాటకూ మధ్య టీవీలో చిన్న వీడియో నడిచే ముప్పావు నిమిషంలోనే పాత సామాను బయటికి పోయి కొత్తది లోపలికి రావాలి. అందుకే అన్నిటికీ చక్రాలు. రిహార్సల్ కూడా గంటల తరబడి ఉండదు. మొదటిసారి అరగంట, రెండోసారి 20 నిమిషాలు.

ఒకసారి ఒక ఎంపిక పోటీలో గాయని అడిగిందని పొగ దండిగా వదిలాం. హాల్లో అద్భుతం, చప్పట్లే చప్పట్లు. మానిటర్లో చూస్తే క్లోజప్‌లో ముక్కు తప్ప ముఖం లేదు! ఆ పొగకు బ్యాక్‌లైట్ పెట్టింది నేనే కాబట్టి తిట్లు కూడా నాకే.

2023లో స్వీడన్ గాయని లోరీన్ రెండు ఎల్ఈడీ పలకల మధ్య పడుకుని గెలిచింది, నిజమే. ఇందాక చెప్పిన పోర్చుగల్ గాయకుడు సాల్వడోర్ సోబ్రల్ డ్యాన్సర్లు, మంటలు ఏమీ లేకుండా జనం మధ్యలో చిన్న వేదిక మీద నిలబడి పాడాడు. "అంత తక్కువ పెట్టి ఎలా గెలిచాడు?" అంటారు. కెమెరా కదలకుండా ముఖాన్నే చూస్తూ ఉండాలంటే మా అందరికీ ఎంత ధైర్యం కావాలో అడిగినవాళ్లకు తెలియదు.

అపోహ: వాయిద్యాలు వాయించేది ఉత్తుత్తికే.

ఇది అపోహ కాదు, నిజం. గిటార్లకు, డ్రమ్స్‌కు వైర్లు ఉండవు, సంగీతం రికార్డింగే. ప్రధాన గాయకుల గొంతు మాత్రం లైవ్.

2023 నుంచి పోటీలో లేని దేశాలవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఓటు వేయొచ్చు. వాళ్లందరినీ కలిపి ఒకే దేశంగా లెక్కిస్తారు. ఈ మాట చెప్పగానే బావ అడిగిన మొదటి ప్రశ్న: "నువ్వు లైట్లు వేసిన పాట ఏది బావా, దానికే గుద్దేస్తా."